ఫిలమీనా జాగా

మా రేవు పల్లె గానెట్ కోవ్‌లో జాగా అంటే పీతల ఫ్యాక్టరీలో బెల్టు పక్కన ఒక మనిషి మోచేతులు ఆడేంత చోటు. భూమి గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరు, ఉన్నదంతా రాయేనాయె. ఆ చోట నిలబడ్డవాళ్ళకి జీతం వస్తుంది, జీతంతో పాటు పనిచేసిన వారానికొకటి లెక్కన స్టాంపు పడుతుంది, స్టాంపులు సరిపడా ఉంటే మంచు పడ్డ దగ్గర్నుంచి వసంతం దాకా నిరుద్యోగ భృతి వస్తుంది. కాడ్ చేప పట్టొద్దని ప్రభుత్వం సముద్రానికి తాళం వేశాక మాకు మిగిలింది పీతలూ, ఈ భృతీనే. దీన్ని సోమరితనం అనే పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ళని జనవరిలో మా రేవుకొచ్చి ఇక్కడ ఏం పని దొరుకుతుందో చూపించమనండి. టీ నేనే పోస్తాను.

పీతలు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకని మాకొక పద్ధతి ఉండేది. తన స్టాంపులు నిండినామె వెనక్కి జరిగి, నిండని ఇంకొకామెకి జాగా ఇచ్చేది. వచ్చినామె భుజం తడుతుంది, ఉన్నామె చేతి తొడుగులు తీసి ఇస్తుంది. అంతే. కాగితం లేదు, సంతకం లేదు. మేనేజరు హబర్ట్ చూసీ చూడనట్టు పోయేవాడు. పీత కాళ్ళు విరవడానికి ఎవరి చేతులైతే వాడికేం?

మా ఆయన ఫోన్స్ పీతల బుట్టలు లాగుతూ పడవలోనే గుండె ఆగి పోయినప్పుడు మే నెల. ఆ ఏడాది ఒక్క లైనే, అంటే ఒక్క బెల్టే, నడిచింది. పని పిలుపు సీనియారిటీని బట్టి, నా పేరేమో జాబితాలో అట్టడుగున. చలికాలం ఎలా గడవాలో తెలియక వంటింట్లో కూర్చుని ఉంటే ఫిలమీనా తలుపు తోసుకుని వచ్చింది. జాబితాలో మొదటి పేరు ఆవిడది. పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు చేసింది. బూట్లు కూడా విప్పకుండా నా నేలంతా బురద చేసి, "ఒసేయ్ జెర్, రేపట్నుంచి నా జాగాలో నిలబడు" అంది.

"మరి నీ స్టాంపులో?"

"సిరిల్‌కి కాడ్ డబ్బులు వస్తున్నాయిగా, ఈ ఏడాదికి గడిచిపోతుంది. ఈ ఏడు నువ్వు, వచ్చే ఏడు నేను. ఇంకా ఏడుస్తావేంటి? టీ పెట్టు, పాలు ఎక్కువెయ్యి."

కాడ్ డబ్బులంటే, చేపల వేట ఆపేయించినందుకు ఆవిడ మొగుడు సిరిల్ లాంటి వాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చిన పరిహారం. సీజను మొదలై మూడు వారాలే అయింది. ఫిలమీనా తన తొడుగులు నా చేతిలో పెట్టి ఇంటికెళ్ళిపోయింది. ఆ చలికాలం నా పొయ్యి వెలిగిందంటే ఆవిడ చలవే.

మరుసటి ఏప్రిల్లో చర్చి హాల్లో మీటింగు పెట్టారు. టై కట్టుకున్న ఒక కుర్రాయన గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ, నిరుద్యోగ భృతిని సంస్కరించామని చెప్పాడు. నిరుడే సంస్కరించారట. మాకెవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. ఇక స్టాంపులు లేవు, గంటలే. "ఈ సంక్షోభంలో కష్టపడే కార్మికుడికి మరింత అండగా ఉండటానికే ఈ మార్పు. మీ ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది" అన్నాడు.

"అండ సంగతి సరే బాబూ, ఈ గాలికి ఫెర్రీ పడవ ఆపేశారు. నువ్వు ఎక్కడ పడుకుంటావో చూసుకున్నావా?" అంది బ్రైడ్. బ్రైడ్ మా లైనుకి మేస్త్రి. జాబితా ఆవిడ చేతిలోనే ఉంటుంది. హాలంతా గొల్లున నవ్వింది. పాపం ఆ అబ్బాయి కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు.

మామూలు వాళ్ళకి నాలుగు వందల చిల్లర గంటలు చాలు. కొత్తగా చేరేవాళ్ళకీ, మధ్యలో ఏడాది పని మానేసి మళ్ళీ వచ్చేవాళ్ళకీ మాత్రం తొమ్మిది వందల పది కావాలి. కుర్రవాళ్ళు భృతికి అలవాటు పడకూడదని అట.

ఫిలమీనా లేచి నిలబడింది. "బాబూ, పోయినేడు నేను మూడు వారాలే చేశా. నా జాగా ఈ పిల్లకిచ్చా. మరి నా సంగతేంటి?"

"ఇచ్చారా? అంటే?"

"ఇచ్చానంటే ఇచ్చాననే. దీని మొగుడు పోయాడు."

ఆ అబ్బాయి కాగితాలు తిరగేశాడు. ముఖం ఎర్రబడింది. "అయితే మీరు... కొత్తవాళ్ళ కిందికి వస్తారమ్మా."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఆపేవాళ్ళు లేరు. "ఇరవై ఏడేళ్ళ కొత్త పిల్ల!" "ఫిల్, రేపు తొందరగా రా, టోపీ ఎలా పెట్టుకోవాలో నేర్పిస్తా!" "పీతకి ముందేదో వెనకేదో తెలుసా తల్లీ?" ఫిలమీనా కూడా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడని కొత్తదాన్ని చేసింది నా పొయ్యే కదా.

ఆ ఆగస్టుతో కాడ్ డబ్బులు ఆగిపోతున్నాయి. సిరిల్ నడుము ఎప్పుడో పోయింది, కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి. ఫిలమీనాకి ఆ గంటలు నిండకపోతే చలికాలంలో ఆ ఇంట్లోకి ఒక్క చెక్కూ రాదు. ఇల్లు మూసుకుని, ఎక్కడో దూరాన ఒంటారియోలో సిరిల్ తమ్ముడి బేస్‌మెంట్‌కి పోవడం ఒక్కటే దారి. ఫిలమీనా జీవితంలో ఫెర్రీ ఎక్కింది రెండుసార్లు, రెండుసార్లూ పళ్ళ డాక్టరు కోసం.

మీటింగయ్యాక అందరం బ్రైడ్ వంటింట్లో చేరాం. మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పగటి షిఫ్టు ఫిలమీనాకి ఎలాగూ ఉంది. సాయంత్రం షిఫ్టులో, సీజను అయ్యేలోపు గంటలు ఎలాగూ నిండేవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు ఆవిడకి జాగా ఇవ్వాలి. అందరికన్నా ముందు ఒప్పుకున్నది నేనే. బెల్టుకి ఆ చివర, ఉడకబెట్టే తొట్ల పక్కన ఆవిరి ఎక్కువగా కొట్టే చోటు నాది.

మొదట్లో అదొక పండగలా సాగింది. ఎవరూ సాయం చేస్తున్నట్టు మాట్లాడేవాళ్ళు కాదు. "ఏయ్ కొత్తమ్మాయ్, నా కాళ్ళు లాగుతున్నాయి, ఇక్కడ నిలబడు" అని ఒకామె, "మా ఇంట్లో రొట్టె పిండి పొంగి పొయ్యి మీదికెక్కుతోంది, నేను పోవాలి" అని ఇంకొకామె. ఫిలమీనా తొడుగులు వేసుకుంటూ, "దొంగముండల్లారా, పని ఎగ్గొట్టడానికి నేనే దొరికానా" అనేది. ఆవిడ పాడితే బెల్టు చప్పుడు మీద నుంచి వినపడేది.

జూన్లో పాట ఆగిపోయింది.

ఆవిడకి పీత పట్టింది. డాక్టర్లు దాన్ని ఉబ్బసం అంటారు. ఉడికే పీతల ఆవిరి ఏళ్ళ తరబడి పీలిస్తే కొంతమందికి రొమ్ము బిగుసుకుపోతుంది. ఫిలమీనాకి అది అంతకుముందే ఉంది. ఇంట్లో కూర్చున్న ఆ ఏడాది తగ్గిపోయింది, ఇక రాదనుకుంది. తిరిగొచ్చిన కొన్ని వారాలకే మళ్ళీ పట్టుకుంది. ఒకసారి, పని వల్ల వచ్చే జబ్బులకి నష్టపరిహారం ఇచ్చే ఆఫీసుకి రాస్తే, మీరు సిగరెట్లు తాగుతారా అని అడిగారట. తాగను అని రాసింది. ఇంట్లో ఎవరైనా తాగుతారా అని మళ్ళీ అడిగారట. అక్కడితో వదిలేసింది.

జులై మొదట్లో, టీ టైములో ఆవిడ కనపడకపోతే బాత్రూంలోకి వెళ్ళాను. సింకు కింద నేల మీద కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. గాలి లోపలికి పోతుంటే ఈల వేసినట్టు వినపడుతోంది. చేతిలో పీల్చే మందు డబ్బా ఉంది, దాన్ని నొక్కే ఓపిక లేదు. నేను నొక్కాను. నా బండిలో వేసుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళాను. నర్సు ముక్కుకి మాస్కు పెట్టి, మందు ఎక్కించి, ఆవిడ కాస్త తేరుకున్నాక నా వైపు తిరిగి చెప్పింది. "తొట్ల దగ్గర ఇంకొక్కసారి ఇలా అయితే ఇక్కడిదాకా తీసుకురాలేరు. దారిలోనే పోతుంది. అర్థమవుతోందా?"

అర్థమైంది. తిరిగొచ్చే దారిలో ఫిలమీనా నా చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి. సిరిల్‌కి చెప్పకు. బ్రైడ్‌కి అసలే చెప్పకు. తెలిస్తే హబర్ట్ నన్ను పగటి షిఫ్టులో కూడా నిలబడనివ్వడు."

ఒట్టేశాను. "ఇంకెన్ని గంటలు కావాలి?"

"డెబ్భై అనుకో. ఇంకో రెండు వారాలుంటే కళ్ళు మూసుకుని నిండుతాయి."

రెండు వారాలు దొరకలేదు. ఆ శనివారమే కబురొచ్చింది. పీతలు పెంకు విడుస్తున్నాయి, మెత్తబడ్డ పీతని పట్టకూడదు, వచ్చే శుక్రవారంతో పడవలన్నీ ఒడ్డుకి రావాలి. రెండో లైను అప్పటికప్పుడే మూసేశారు. దాంతో ఇవ్వగలిగిన జాగాలు సగం పోయాయి. నాది కాక మిగిలిన సాయంత్రం జాగాల్లో, ఇంకా గంటలు నిండని వాళ్ళు నిలబడ్డారు. వాళ్ళని జరగమనడం ఎవరి వల్లా కాదు. ఫిలమీనాకి పగలు తన జాగా, సాయంత్రం తొట్ల పక్కన నా జాగా, ఈ రెండూ ఆ వారమంతా చేస్తే అంకె సరిగ్గా సరిపోతుంది. ఆ లెక్క నాకన్నా ముందు ఆవిడే వేసుకుంది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఫిలమీనాని రేవు దగ్గర పట్టుకున్నాను. "వద్దు ఫిల్. పగటి షిఫ్టు చెయ్యి, అక్కడ కిటికీ ఉంది. సాయంత్రం రాకు."

"వచ్చి తీరతా."

"చచ్చిపోతావే!"

"అందరూ చస్తారు. నేను కరెంటు బిల్లు కట్టి చస్తాను."

"మరి సిరిల్ ఏమైపోవాలి?"

ఆవిడ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. బజారుకెళ్ళేటప్పుడు ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది. "పనిలో ఉండగా పోతే సిరిల్‌కి ఎంతో కొంత వస్తుంది. గంటలు నిండకుండా బతికుంటే ఏమీ రాదు. నేను రెండువైపులా చూసుకున్నాలే పిల్లా."

ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఆ టై కట్టుకున్న అబ్బాయి మీదనా? వాడు రాసిందా ఇది? ఎక్కడో ఏ గదిలోనో మంచివాళ్ళే కూర్చుని, మంచి ఉద్దేశంతోనే ఆ అంకె రాసి ఉంటారు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళకి తొట్ల పక్కన నిలబడ్డం అంటే ఏంటో తెలియదు, ఒక ఆడది ఇంకొక ఆడదానికి జాగా ఇస్తుందనీ తెలియదు.

సోమవారం సాయంత్రం నేను నా జాగాలో నిలబడ్డాను. వెనక బూట్ల చప్పుడైంది. ఆ ఈల కూడా వినపడింది. నా భుజం మీద చెయ్యి పడింది. నేను పీత కాళ్ళు విరుస్తూనే ఉన్నాను. మళ్ళీ తట్టింది. పక్కనున్న వాళ్ళు తలలు తిప్పారు.

బ్రైడ్ వచ్చింది. "జెర్, జరుగు తల్లీ."

"జరగను."

"నీ గంటలు ఎప్పుడో అయిపోయాయి కదే!"

"అయిపోయాయి."

"మరింకేం?"

"నా జాగా. నా ఇష్టం."

లైను మీద చేతులన్నీ ఆగాయి. పీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బెల్టు చివర కుప్పపడుతున్నాయి. ఎవరో "సిగ్గుండాలి" అన్నారు. ఇంకెవరో, "మొగుడు పోయినప్పుడు ఎవరి అన్నం తిందో మర్చిపోయింది" అన్నారు. మర్చిపోతానా? నిజం చెప్పేస్తే చాలు, అందరూ నా వైపే వస్తారు. చెబితే హబర్ట్ ఆవిడని రేపు పొద్దుట్నుంచే గేటు దాటనివ్వడు. అప్పుడు పగటి జీతం కూడా పోతుంది. ఇంకొకామెతో చోటు మార్చుకుందామన్నా కారణం చెప్పాలి, నేనేమో ఒట్టు వేశాను. ఇంకో పీతని అందుకున్నాను.

ఫిలమీనా నా చెవి దగ్గరికి వంగింది. ప్రతి రెండు మాటలకీ ఊపిరి తీసుకుంటూ, "నా జాగా నీకిచ్చినప్పుడు, నేను, ఇంత ఆలోచించానా?" అంది.

నేను తిరిగి చూడలేదు. చూస్తే జరిగేదాన్ని.

ఆ వారం రోజూ వచ్చింది. టోపీ, తొడుగులు, బూట్లు, అన్నీ వేసుకుని నా వెనక నిలబడేది. భుజం తట్టేది, నేను జరిగేదాన్ని కాదు, కాసేపు నిలబడి వెళ్ళిపోయేది. శుక్రవారం ఆఖరి తొట్టి ఖాళీ చేసి, నీళ్ళు కొట్టి, ఫ్యాక్టరీ మూశారు. ఆవిడకి తక్కువ పడింది నా జాగాలో దొరకాల్సిన ఆ గంటలే. ముప్ఫై అయిదో, ఆరో.

ఫిలమీనా అప్పీలు చేసింది. బోర్డు వాళ్ళు ముగ్గురు ఫోన్లో విన్నారు. చాలా మర్యాదగా మాట్లాడారట, ఒకాయన ఇరవై ఏడేళ్ళూ ఎలా గడిచాయని కూడా అడిగాడట. తమకి సానుభూతి ఉందనీ, సడలించే అధికారం మాత్రం లేదనీ రాసి పంపారు. ఆగస్టులో సిరిల్ డబ్బులు ఆగిపోయాయి. సంక్షేమ ఆఫీసుకి వెళ్తే ముందు పడవా బండీ అమ్ముకుని రమ్మన్నారు. అమ్మారు. ఆ వచ్చిన డబ్బు అయిపోయాక రమ్మన్నారు.

నాతో అందరూ మాట్లాడటం మానేశారు. కొట్లో నేను అడుగు పెడితే వాతావరణం గురించి మొదలెట్టేవాళ్ళు. ఒకసారి ఉండబట్టలేక నర్సు సంగతి బ్రైడ్‌కి చెప్పేశాను. అప్పటికి సీజను అయిపోయింది కదా, ఒట్టుకి అర్థం లేదనుకున్నాను. బ్రైడ్ "అయితే మాత్రం? బతకాలో వద్దో నిర్ణయించడానికి నువ్వెవరివే?" అంది. మళ్ళీ ఆ సోమవారం వస్తే మళ్ళీ అక్కడే నిలబడతాను, అంతవరకే తెలుసు.

అక్టోబర్లో వాళ్ళు వెళ్ళిపోయారు. ఎవరి ట్రక్కో అడిగి తెచ్చి, పరుపులూ కుర్చీలూ తాళ్ళతో కట్టారు. నేను మొలాసిస్ పాకం పోసిన తీపి రొట్టె చేసుకుని, ఆ ఆఖరి వారం జీతం కవర్లో పెట్టుకుని వెళ్ళాను. ఆ డబ్బులోంచి ఒక్క నాణెం ముట్టుకోలేదు, ముట్టుకోబుద్ధి కాలేదు. ఫిలమీనా రెండు చేతుల్తో పెద్ద పెట్టె మోసుకుంటూ గుట్ట దిగి వస్తోంది. ఆయాసం లేదు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఫ్యాక్టరీ మూసి మూడు నెలలైంది, రొమ్ము తేటపడింది. వయసు పదేళ్ళు తగ్గినట్టుంది.

పెట్టె ట్రక్కులో పెట్టి నా వైపు వచ్చింది. రొట్టె తీసుకుంది. కవరు విప్పి చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఆ వారానిది. నీదే" అన్నాను.

"ఇవి డబ్బులు, జెర్. నేనడిగింది గంటలు."

"నువ్వు ఊపిరి పీలుస్తున్నావు ఫిల్. చూడు, ఇప్పుడు నువ్వు గుట్ట దిగి వచ్చావు."

"పీలుస్తున్నా" అంది. గట్టిగా ఒకసారి గాలి లోపలికి పీల్చి వదిలింది, నాకు చూపించడానికే అన్నట్టు. "బాగానే పీలుస్తున్నా. ఈ ఊపిరి పెట్టుకుని ఎక్కడుండమంటావు?"

సిరిల్‌ని ఇద్దరు పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆవిడ పక్కన ఎక్కింది. తలుపు సరిగ్గా పడకపోతే లోపలి నుంచి రెండుసార్లు లాగి వేసుకుంది. ట్రక్కు గుట్ట మలుపు తిరిగేదాకా నేను అక్కడే ఉన్నాను. ఒక్కసారైనా తిరిగి చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు.

ఈ ఏప్రిల్లో బ్రైడ్ కొత్త జాబితా గోడకి అంటించింది. పైన ఫిలమీనా పేరు లేదు. అందరం ఒక్కో మెట్టు పైకి జరిగాం. మొన్న సీజను చివర్లో ఒక పిల్ల, మొగుడు అల్బెర్టాలో వదిలేస్తే బిడ్డనెత్తుకుని పక్క రేవులోని పుట్టింటికొచ్చిన పిల్ల, లైను వెనకాల నిలబడి ఒక్కొక్కరి ముఖమూ చూసింది. చాలామందికి గంటలు నిండాయి. అయినా ఎవరూ వెనక్కి జరగలేదు. జరిగితే, ఫిలమీనాకి అయినట్టే, మళ్ళీ ఏడాదికి మనమే కొత్తవాళ్ళం అవుతామేమోనని భయం. చివరికి ఆ పిల్ల నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. తన పేరు నాకింకా తెలియదు. నేను తల తిప్పకుండా పీత కాళ్ళు విరుస్తూనే ఉన్నాను.